సర్వాయి పాపన్న: ఫార్సీ చరిత్రలో దారిదొంగ, పల్లెపాటలో దొర

ఒకే మనిషికి మూడు పేర్లు. మొఘలుల కాలపు ఫార్సీ చరిత్రలో అతను పాప్రా. పాత పాటల్లో సర్వాయి పాపడు. ఇప్పుడు ఊరూరా విగ్రహాల కింద చెక్కే పేరు సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్. పేరు చివరి అక్షరం మారితే మర్యాద ఎంత మారుతుందో తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా?

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్ళే దారిలో, జనగామ దాటాక రఘునాథపల్లి మండలం వస్తుంది. అక్కడ ఖిలాషాపురం అనే ఊళ్ళో ఇప్పటికీ ఒక రాతికోట నిలబడి ఉంది. ఊరి పేరులోని ఖిలా అదే. ఫార్సీ రాతల్లో ఆ ఊరు షాపూర్. కల్లుగీత కులంలో పుట్టిన మనిషి కట్టించిన కోట అది. ఆయన జయంతి అని ఏటా ఆగస్టు 18న సభలు జరుగుతాయి, పూలదండలు పడతాయి. పెద్దదొరలను, నవాబులను ఎదిరించిన బహుజన వీరుడని ఉపన్యాసాలు సాగుతాయి. తెలంగాణ ముస్లిం ఇళ్ళల్లో చదువుకున్న పెద్దలకు మాత్రం ఆ పేరు వినగానే ఇంకొక సంగతి గుర్తొస్తుంది. ఓరుగల్లు మీద అతను పడిన రాత్రి ఏ రాత్రో వాళ్ళు చదివి ఉంటారు. ఆ సంగతి దాచిపెట్టి పాపన్న కథ చెప్పడం కుదరదు. ఆ ఒక్క సంగతే పట్టుకుని చెప్పినా కథ సగమే అవుతుంది.

ముందు ఆ కాలం ఎలాంటిదో చూడాలి. 1687లో గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. కుతుబ్‌షాహీల రాజ్యం పోయి, హైదరాబాద్ సుబా పేరుతో ఢిల్లీ పాదుషాహీలో ఒక కొస సుబా అయింది. పాత సర్కారు మనుషులు పోయారు, కొత్తవాళ్ళు వచ్చారు. పైనుంచి వచ్చిన ఫౌజ్‌దార్లకు భాష తెలీదు, ఊళ్ళు తెలీవు. ఊళ్ళు తెలిసిన జమీందార్లకు వీళ్ళ మీద నమ్మకం లేదు. పాదుషా అసలు ఫౌజంతా మరాఠాలతో యుద్ధంలో ఇరుక్కుని ఉంది. పన్ను వసూలు మాత్రం ఆగలేదు. మరాఠా దళాలు హైదరాబాద్ దాకా వచ్చి దోచుకుపోయిన రోజులున్నాయి.

అలాంటి చోట అందరికంటే ముందు దెబ్బతినేది బాటే. అప్పట్లో హైదరాబాద్ నుంచి బందరు దాకా వర్తకుల బిడారులు నడిచేవి. బట్టలు, నూలు, రొక్కం ఎడ్ల మీద పోయేవి. బంజారాలు వేలాది ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ తిరిగేవాళ్ళు. వాళ్ళు ఆగిపోతే ఊళ్ళో పొయ్యి వెలగదు. దారి పొడవునా గుట్టలు, తుమ్మ అడవులు, తాటివనాలు. గుట్ట మీద పదిమంది మాటు వేస్తే కింద బిడారుకు దిక్కులేదు. కొలువు పోయిన సిపాయి, జీతం అందని జమాదారు, పన్ను కట్టలేక ఊరు విడిచిన రైతు అందరూ ఆ గుట్టలకే చేరేవారు. దారి కొట్టేవాళ్ళలో పాపన్న మొదటివాడూ కాదు, ఒక్కడూ కాదు.

అతని కథ రాసినవాడు ఖాఫీ ఖాన్. దక్కన్‌లో మొఘల్ కొలువు చేసిన మనిషి, ముంతఖబుల్ లుబాబ్ అనే పెద్ద చరిత్ర రాశాడు. పాపన్న మీద ఆయనకు రవ్వంత జాలి లేదు. అయినా వివరం దగ్గర పిసినారితనం చూపలేదు. సర్కారు మనుషుల లంచాలు కూడా దాచకుండా రాశాడు కాబట్టే ఆయన మాటకు విలువ. ఆయన లెక్క ప్రకారం పాపన్న మొదటి దోపిడీ దారిలో కాదు, ఇంట్లో జరిగింది. 1690ల చివర్లో, డబ్బున్న విధవరాలైన సొంత తోబుట్టువు మీద పడి, కొట్టి, ఉన్న సొమ్మూ నగలూ పట్టుకుపోయాడు. ఆ సొమ్ముతోనే మనుషులను కూడగట్టాడు. సభల్లో ఈ ముక్క వినిపించదు.

అతని తొలి స్థావరం ఫార్సీ రాతల్లో తారికొండ అని కనిపించే ఊరు. తాటికొండ అని మనవాళ్ళు అంటారు. షాపూర్‌కు దగ్గరే. అక్కడ గుట్ట మీద ఒక మొరటు కోట కట్టుకుని ఓరుగల్లు, హైదరాబాద్ బాటల మీద వర్తకులను దోచడం మొదలెట్టాడు. మోకు, ముస్తాదు పక్కనపెట్టి కత్తి పట్టిన మనిషికి పెద్ద కులాలవాళ్ళు, చుట్టుపక్కల జమీందార్లు ఊరుకుంటారా? ఫౌజ్‌దార్లూ జమీందార్లూ కలిసి అతన్ని తరిమేశారు. ఇక్కడ ఒకటి గమనించాలి. తరిమినవాళ్ళలో తురకలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు.

పారిపోయి నూరు మైళ్ళ అవతల కౌలాస్ చేరాడు. ఇప్పటి కామారెడ్డి జిల్లాలో ఉంది ఆ కోట. అక్కడి జమీందారు వెంకట్రావు దగ్గర జమాదారుగా కుదిరాడు. కుదిరిన కొలువు చేసుకుంటే బతుకు గడిచేదే. అక్కడా దారి కొట్టడం మానలేదు. వెంకట్రావు పట్టి ఖైదులో వేశాడు. కొన్ని నెలలు గడిచాయి. జమీందారు కొడుక్కి జబ్బు చేసింది. పుణ్యం చేస్తే బిడ్డ కోలుకుంటాడని ఆ ఇంటి ఇల్లాలు ఖైదీలందరినీ విడిపించింది. ఆ గుంపులో పాపన్న కూడా బయటపడ్డాడు. ఒక తల్లి మొక్కు తెలంగాణ చరిత్రను ఎంత దూరం తిప్పిందో ఆమెకు ఎప్పటికీ తెలిసి ఉండదు.

తిరిగొచ్చి ఈసారి షాపూర్‌లో పాగా వేశాడు. సర్వ అనే పాత నేస్తం తోడయ్యాడు. కోట కట్టారు. మనుషులు పెరిగారు. వర్తకుల మీదా, ఊళ్ళ మీదా పడటమే కాదు, ఆడవాళ్ళను ఎత్తుకుపోవడం కూడా మొదలైంది. అందులో హిందూ ఇళ్ళవాళ్ళూ, ముస్లిం ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. ఇళ్ళు పోగొట్టుకున్న పెద్దమనుషులు పాదుషాకు అర్జీ పెట్టుకున్నారు. ఔరంగజేబు నుంచి హుకుం హైదరాబాద్ నాయబ్ సుబేదార్ రుస్తుం దిల్ ఖాన్‌కు వచ్చింది. ఆయన కొలనుపాక ఫౌజ్‌దార్ ఖాసిం ఖాన్‌ను పంపాడు. గుట్టల్లో జరిగిన కొట్లాటలో తుపాకీ గుండు తగిలి ఖాసిం ఖాన్ అక్కడే పోయాడు.

దాంతో రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా కదిలాడు. రెండు నెలలు షాపూర్‌ను ముట్టడించాడు. పాపన్న, సర్వ తప్పించుకుపోయారు. నవాబు కోటను పేల్చేసి, పని అయిపోయిందని హైదరాబాద్ తిరిగిపోయాడు. ఆయన వెనుదిరిగిన వెంటనే వీళ్ళు తిరిగొచ్చి, ఈసారి మట్టి కోట కాదు, రాయీ సున్నమూ పెట్టి గట్టి కోట లేపారు. ఫిరంగులు ఎక్కించారు. ఖిలాషాపురంలో ఇప్పుడు కనిపించే కోట పుట్టుక అదే.

ఆ దినాల్లోనే గుంపులో ఒక గొడవ జరిగింది. సర్వకు, పుర్దిల్ ఖాన్ అనే ఇంకొక నాయకుడికి మాటా మాటా పెరిగి, ఒకరితో ఒకరు కత్తి దూసి, ఇద్దరూ చచ్చారు. ఈ పుర్దిల్ ఖాన్ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆషూరా రాత్రి ఓరుగల్లును దోచిన మనిషి దండులో ముస్లిం సర్దారు ఉన్నాడన్న సంగతిని రాసింది పాపన్న అభిమాని కాదు, అతన్ని అసహ్యించుకున్న ఖాఫీ ఖానే.

పల్లెపాట ఈ విషయంలో ఇంకా ముందుకు పోతుంది. 1874లో బాయిల్ అనే ఇంగ్లీషు దొర తెలుగు జానపద గాథల గురించి ఒక పత్రికలో రాస్తూ పాపన్న పాటను అచ్చువేయించాడు. ఆ పాటలో పాపన్న వెంట నడిచిన నేస్తాల పేర్లు వరసగా వస్తాయి. చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, మేదరి యెంకన్న ఉన్నారు. వాళ్ళ పక్కనే హసన్, హుసేన్, తురక హిమాం, దూదేకుల పీర్, కొత్వాల్ మీర్ సాహెబ్ ఉన్నారు. పాట కట్టినవాళ్ళు పేర్లు కల్పించారా, నిజంగా ఉన్నవాళ్ళ పేర్లేనా అన్నది పక్కన పెడదాం. పాడినవాళ్ళకూ విన్నవాళ్ళకూ ఆ గుంపులో హసన్, హుసేన్ ఉండటం సహజంగానే అనిపించింది. దూది ఏకే పీర్ సాహెబ్, కుండలు చేసే గోవిందు ఒకే గిన్నెలో గంజి తాగే మనుషులు. ఎదుటి పక్షంలో ఫౌజ్‌దారూ, జమీందారూ, షావుకారూ. ఈ రెండు పక్షాలను విడదీసిన గీత మతం దగ్గర లేదు.

సర్వ పోయాక పాపన్న ఒక్కడే నాయకుడయ్యాడు. హైదరాబాద్ నుంచి రుస్తుం దిల్ ఖాన్ మళ్ళీ పెద్ద దండుతో వచ్చాడు. మళ్ళీ రెండు మూడు నెలల ముట్టడి. ఈసారి కోట పగలలేదు, పేలలేదు. పాపన్న దగ్గర్నుంచి పెద్ద మొత్తం పుచ్చుకుని నవాబు వెనక్కి వెళ్ళిపోయాడు. దొంగ దగ్గర లంచం తిన్న కొత్వాలు కథలు అందరం వింటూనే ఉంటాం. ఇక్కడ తిన్నది సుబాను ఏలేవాడు. ఆ డబ్బు ఎవరిది? బాటల మీద దోచిన వర్తకులది. మొదట వాళ్ళ మూటలు పోయాయి. తర్వాత ఆ మూటల సొమ్ముతోనే వాళ్ళను కాపాడాల్సినవాడు కొనబడ్డాడు.

1707లో ఔరంగజేబు పోయాడు. షాజాదాలు తఖ్తు కోసం కొట్లాటకు దిగారు. చిన్నవాడు కాంబక్ష్ హైదరాబాద్‌లో పాదుషానని ప్రకటించుకున్నాడు. అనుమానం జబ్బులాంటిది కదా, తన వైపే ఉన్న రుస్తుం దిల్ ఖాన్‌ను కూడా చంపించాడు. ఉత్తరాన గెలిచిన అన్న బహదూర్ షా ఫౌజుతో దక్కన్ వైపు బయల్దేరుతున్నాడు. హైదరాబాద్ సుబాలో ఎవరి హుకుం చెల్లుతుందో ఎవరికీ తెలీని రోజులవి. షాపూర్‌లో కూర్చున్న పాపన్నకు మాత్రం బాగా తెలుసు, ఎవరిదీ చెల్లదని.

1708 మార్చి 31. హిజ్రీ 1120 మొహర్రం తొమ్మిదో రాత్రి. తెల్లవారితే ఆషూరా. ఓరుగల్లు అప్పుడు బట్టలకు, ముఖ్యంగా తివాచీలకు పేరుపడిన ఊరు. డబ్బున్న ఊరు. జనమంతా మొహర్రం ఏర్పాట్లలో మునిగి ఉన్నారు. కావలివాళ్ళ ధ్యాస కూడా అటే. పాపన్న ఆ రాత్రిని కావాలనే ఎంచుకున్నాడు. రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలు. దండును రెండుగా చీల్చాడు. ఒక భాగం ఊరికి వచ్చే బాటలను మూసేసింది. రెండో భాగం తాళ్ళూ నిచ్చెనలూ వేసి గోడ ఎక్కింది. దారి కాచి బతికిన మనిషికి దారి మూయడం ఎంత పెద్ద ఆయుధమో తెలియనిదా?

రెండు మూడు రోజులు దోపిడీ సాగింది. రొక్కం, బట్టల మూటలు బండ్లకెత్తారు. మోయలేనంత పెద్ద తివాచీలను ముక్కలుగా కోసి పట్టుకుపోయారు. నేసినవాళ్ళు నెలల తరబడి కూర్చుని వేసిన ముడులవి. వాటి విలువ తెలిసినవాడు కోయడు. అన్నింటికంటే ఘోరం మనుషులను పట్టుకుపోవడం. కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ వేల సంఖ్యలో బందీలయ్యారు. వాళ్ళలో ఊరి ఖాజీ గారి భార్య, కూతురు కూడా ఉన్నారు. వాళ్ళందరినీ షాపూర్ కోట పక్కన గోడ కట్టిన ఆవరణలో ఉంచారు. ఖాజీ పదవి చరిత్రకు దొరికింది గాని, ఆ తల్లీకూతుళ్ళ పేర్లు దొరకలేదు. పల్లెపాటలోనూ వాళ్ళు లేరు.

ఆషూరా రాత్రిని ఎంచుకోవడం మీద మాట్లాడుకోవాల్సిందే. ఇమాం హుసేన్ పేరు మీద ఊరు ఏడ్చే రాత్రి ఊరిని దోచడం ఆ ఊరివాళ్ళు తరాలు గడిచినా మర్చిపోయే పని కాదు. మతం మీద కోపంతో ఆ రాత్రి ఎంచాడని కొందరంటారు. అతని మిగతా బతుకు చూస్తే అందుకు ఆధారం కనిపించదు. దారిదొంగకు పండగంటే కావలి సడలిన రోజు, అంతే. ఆ లెక్క చల్లని లెక్క. దాన్ని మత ద్వేషం అనలేం, వీరత్వం అనీ అనలేం. పోగొట్టుకున్న ఇంటికి దొంగ మనసులో ఏముందన్న తేడాతో పనేముంది?

ఓరుగల్లు సొమ్ముతో పాపన్న దశ తిరిగింది. డచ్చి, ఇంగ్లీషు వర్తకుల దగ్గర ఏడొందల జంట గొట్టాల తుపాకులు కొన్నాడు. పల్లకీ ఎక్కాడు. రాజుల తరహాలో చుట్టూ మనుషులను పెట్టుకున్నాడు. ధాన్యంతో వస్తున్న బంజారాల బిడారును పట్టుకుని, వాళ్ళ ఎడ్లను మాత్రం తరిమేయలేదు, అమ్మలేదు. అరకలు కట్టించి తన పొలాలు దున్నించాడు. ఇది మామూలు దొంగ చేసే పని కాదు. దొంగ ఇవాళ తిని రేపటిని మర్చిపోతాడు. దుక్కి దున్నించేవాడు వచ్చే వానాకాలం దాకా ఇక్కడే ఉంటానని అనుకుంటున్నవాడు. తాను దొర కావాలన్న కోరిక, రాజ్యం నిలపాలన్న ఆశ ఆ ఎడ్ల దగ్గరే బయటపడతాయి. అదే సమయంలో ఎడ్లు పోగొట్టుకున్న బంజారాలు అతని కంటే కలిగినవాళ్ళేం కాదు. బీదల దొర అనేవాళ్ళు ఈ లెక్క కూడా చూడాలి.

రెండు నెలలు తిరక్కుండానే, జూన్ 1న భువనగిరి మీద పడ్డాడు. ఈసారి మీలాదున్నబీ రోజు. అదే పాఠం, అదే ఎత్తు. భువనగిరి కొండను చూసినవాళ్ళకు తెలుసు, ఆ ఒంటిరాతి బండ మీది కోట ఎక్కడం ఎంత కష్టమో. కోట చేతికి చిక్కలేదు. కింద ఊరు చిక్కింది. మళ్ళీ దోపిడీ, మళ్ళీ బందీలు.

1709 జనవరిలో బహదూర్ షా హైదరాబాద్ దగ్గర తమ్ముడు కాంబక్ష్‌ను ఓడించాడు. దెబ్బలు తిన్న కాంబక్ష్ చనిపోయాడు. గెలిచిన పాదుషా దర్బారు తీర్చాడు. అంత దూరం నడిచొచ్చిన ఫౌజుకు తిండీ కావాలి, జీతాలూ కావాలి. ఆ అవసరాన్ని పసిగట్టినవాడు పాపన్న. పద్నాలుగు లక్షల రూపాయల నజరానా, ఫౌజుకు తిండిగింజలు సమర్పించాడు. బదులుగా పాదుషా చేతి ఖిల్లత్ అందుకున్నాడు. ఖిల్లత్ అంటే ఒట్టి బట్ట కాదు. దర్బారులో దుస్తులు పెట్టడమంటే నువ్వు మా మనిషివి అని పదిమంది ముందు ఒప్పుకోవడం. కల్లుగీత బిడ్డ, దారిదొంగ, ఓరుగల్లు దోచినవాడు పాదుషా ముందు పెద్దమనిషి అయ్యాడు.

హైదరాబాద్ షరీఫుల ఇళ్ళు భగ్గుమన్నాయి. ఇంకా షాపూర్ ఆవరణలో తమ ఆడబిడ్డలు బందీలుగా ఉండగానే, వాళ్ళను పట్టుకుపోయినవాడికి సన్మానమా? షా ఇనాయత్ అనే పెద్దాయన ముందు నడిచి, బాధితుల తరఫున పాదుషా దగ్గరికి మొర తీసుకెళ్ళాడు. ఇందులో ఖాఫీ ఖాన్ దాచని కుల గర్వం కూడా ఉంది. కల్లు అమ్మేవాడికి ఖిల్లతా అన్న ఈసడింపు ఆ రాతలో వినిపిస్తుంది. దాన్ని ఈసడింపుగానే చూడాలి, వెనకేసుకు రావాల్సిన పని లేదు. కాని షా ఇనాయత్ మొరలోని అసలు మాట కులం గురించి కాదు. తమ ఇంటి మనుషులు తిరిగి రావాలి, అంతే. పాదుషా అప్పుడు కదిలాడు. హైదరాబాద్ కొత్త సుబేదార్ యూసుఫ్ ఖాన్‌కు పాపన్నను తుదముట్టించే పని అప్పగించాడు. యూసుఫ్ ఖాన్ ముందుగా దిలావర్ ఖాన్‌ను దండుతో పంపాడు. అప్పటికి నజరానా మాత్రం ఖజానాలో పడిపోయింది.

పాపన్నను దెబ్బతీసింది ముందుగా ఆ దండు కాదు, అతని ఇంటిది. షాపూర్ ఖైదులో ఉన్నవాళ్ళలో పాపన్న సొంత బావమరిది కూడా ఉన్నాడు. ఒక పక్క పెనిమిటి, ఇంకో పక్క తోడబుట్టినవాడు. ఆమె తోడబుట్టినవాడి వైపు మొగ్గింది. ఖైదీలకు పంపే అన్నంలో ఆకురాళ్ళు దాచి పంపింది. పాపన్న పక్క జమీందారు కోటను ముట్టడిస్తూ ఊళ్ళో లేని సమయం. ఖైదీలు రాత్రిపూట సంకెళ్ళు అరగదీసుకుని, కావలివాళ్ళను పడగొట్టి, కోటనే పట్టుకున్నారు. కబురు అంది పాపన్న పరుగున వచ్చేసరికి అతని ఫిరంగులే అతని మీద పేలాయి. తోబుట్టువును దోచి మొదలుపెట్టిన బతుకు అతనిది. ఇంటి ఆడది తన తోబుట్టువు కోసం అతన్ని దించింది.

కోట తలుపుల దగ్గర అతను పోరుతుండగానే దిలావర్ ఖాన్ దండు వచ్చి పడింది. పాపన్న షాపూర్ వదిలేసి తారికొండకు తగ్గాడు. మొదలుపెట్టిన గుట్టకే మళ్ళీ చేరాడు. యూసుఫ్ ఖాన్ అయిదారు వేల గుర్రపు దండును పంపాడు. ముట్టడి నెలల తరబడి సాగింది. 1710లో యూసుఫ్ ఖాన్ తానే వచ్చాడు. కత్తి కంటే జీతం బలమైందని ఆయనకు తెలుసు. లోపలివాళ్ళు బయటికి వస్తే రెట్టింపు జీతం ఇస్తానని చాటించాడు. నెలల తరబడి ఆకలితో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. లోపల మందు అయిపోయింది.

చివరికి పాపన్న మారువేషం వేసుకుని బయటపడ్డాడు. ఒక దర్వాజా దగ్గర చెప్పులూ హుక్కా వదిలేసి, ఇంకో దర్వాజా నుంచి వెళ్ళిపోయాడని ఖాఫీ ఖాన్ కథనం. వెతికేవాళ్ళు అటు పోవాలని ఈ ఎత్తు. దారి కొట్టినవాడు చివరి వరకు దారి గురించే ఆలోచించాడు. సొంత మనుషులకు కూడా ఎటు పోయాడో తెలీలేదు. కాలికి గాయం. ఒంటరిగా హసనాబాద్ అనే ఊరు చేరాడు. అలసిపోయి ఉన్నాడు, దాహంగా ఉంది. ఒక గీతకార్మికుడి దగ్గర ఆగి కల్లు అడిగాడు.

ఎక్కడ ఆగాలో కూడా పుట్టుకే చెప్పినట్టుంది. తన కులంవాడు తనను కాపాడతాడనుకున్నాడో, దాహంలో ఆ ఆలోచన కూడా రాలేదో. లొట్టి అందుకున్న తీరు, మాట తీరు చూసి ఎదుటి మనిషి గుర్తుపట్టాడు. మామూలు బాటసారి అడిగే తీరు కాదది, అడిగించుకునే అలవాటున్నవాడి తీరు. కూర్చోమని చెప్పి లోపలికి పోయి కబురు పంపాడు. గుర్రాలు వచ్చాయి. పాపన్న దొరికాడు.

ఆ తర్వాతి సంగతి ఆ కాలపు శిక్ష ఎంత దారుణమో చెబుతుంది. అవయవాలు ఒక్కొక్కటే నరికి చంపారు. తల పాదుషా దగ్గరికి పంపారు. మొండెం హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు, బాటన పోయే వర్తకులూ బంజారాలూ చూసేలా. ఏడాది కిందట అదే హైదరాబాద్‌లో అదే పాదుషా చేతి ఖిల్లత్ ఆ ఒంటి మీద ఉంది.

పల్లెపాటలో మాత్రం ఆ దర్వాజా లేదు. గీతకార్మికుడి ద్రోహం లేదు, ఖాజీ ఇల్లు లేదు, తోబుట్టువు నగలు లేవు. అక్కడ ఒక తల్లి ఉంది. తాళ్ళెక్కి కల్లు గీసి కులవృత్తి చేసుకుని బతకమని కొడుకును బతిమాలే తల్లి. ఆ కొడుకు గోల్కొండ మీదికే పోతానంటాడు. హసన్, హుసేన్, మాసన్న, గోవిందు వెంట నడుస్తారు. చుట్టూ దండు మూసుకువచ్చి ఇక దారి లేనప్పుడు, శత్రువు చేయి తన మీద పడకుండా, పాపడు తన బాకుతో తానే పొడుచుకుంటాడు.